ఏం చెప్పారు? ఎందుకలా చెప్పారు?

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను రచయితను కాను, ఉపాధ్యాయుణ్ణీ కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేశాను. నా ఉద్యోగమంతా కాగితాలు చదవడంతోనే గడిచింది. అప్పు కావాలని రాసిన అర్జీలు, గడువు పెంచమని రాసిన ఉత్తరాలు, పై ఆఫీసు నుంచి వచ్చే సర్క్యులర్లు, ఖాతాదారులు చేతిలో పట్టుకొచ్చే కరపత్రాలు. వాటి వల్ల నాకు తెలిసిన సంగతి ఒకటి మీకు చెప్పాలని వచ్చాను. కాగితంలో ఏముందో తెలుసుకోవడం సగం చదువే. అది అలా ఎందుకు రాశారో తెలుసుకోవడం మిగతా సగం.

ఈ విషయం అందరికీ అవసరమే. అయితే గంజాం జిల్లాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు మరీ అవసరం. ఎందుకో చెబుతాను. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఒడియా చక్కగా మాట్లాడతారు, చదవలేరు. తెలుగు చదవగలరు. పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. కరెంటు ఆఫీసు నోటీసు ఒడియాలో వస్తుంది. బ్యాంకు ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. పెళ్లి శుభలేఖ మాత్రం తెలుగులో వస్తుంది. నానమ్మ ఆ కాగితాలన్నీ ఎవరి చేతికి ఇస్తుంది? తొమ్మిదో తరగతి చదివే మనవడికో, ఇంటర్ చదివే మనవరాలికో ఇస్తుంది. "ఏం రాశారో చూడమ్మా" అంటుంది. అంటే మీ ఇంటికంతటికీ చదివిపెట్టేది మీరే. మీరు పైపైన చదివితే ఇల్లంతా పైపైన చదివినట్టే.

సారాంశం వేరు, విశ్లేషణ వేరు

బడిలో మనకు సారాంశం రాయడం నేర్పుతారు. ఒక పేజీ వ్యాసాన్ని పది పంక్తులకు కుదించి రాస్తే మార్కులు వస్తాయి. అది మంచి అలవాటే. కాని అందులో "ఏం చెప్పారు" అన్నదానికే జవాబు ఉంటుంది. "ఎవరితో చెప్పారు, ఏ అవసరం కొద్దీ చెప్పారు, ఒప్పించడానికి ఏ దారి పట్టారు" అన్నవాటికి జవాబు ఉండదు. ఈ రెండో రకం చదువును ఇంగ్లీషులో రెటారికల్ ఎనాలిసిస్ అంటారు. పేరు చూసి భయపడకండి. మన మాటల్లో చెప్పాలంటే, రాసినవారు మనల్ని ఒప్పించే తీరును పరిశీలించడం.

అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే ఏపీ పరీక్షలని ఉన్నాయి. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అందులో ఇంగ్లీషు భాష, రచన అనే పేపరులో మూడు వ్యాసాలు రాయాలి. వాటిలో ఒకటి అచ్చంగా ఇదే. ఒక ప్రసంగమో ఉత్తరమో ఇచ్చి, రాసినవారు తమ ఉద్దేశం నెరవేర్చుకోవడానికి మాటలను ఎలా వాడుకున్నారో వివరించమంటారు.

ఇది మనకు కొత్త విద్య అనుకోవద్దు. గౌతముడి న్యాయసూత్రాల్లో వాదానికి అయిదు అవయవాలు చెప్పారు. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది, ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగ, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు దేశపు అరిస్టాటిల్ మరో విధంగా చెప్పాడు. మనిషిని ఒప్పించడానికి మూడు దారులున్నాయట. చెప్పేవారి మీద నమ్మకం ఒకటి, వినేవారి మనసును కదిలించడం రెండోది, కారణాలు చూపడం మూడోది. ఈ రెండూ కలిపి, మన పిల్లలకు సులువుగా ఉండేలా అయిదు ప్రశ్నలు తయారుచేశాను.

1. ఇది ఎవరు రాశారు? వారిని మనం ఎందుకు నమ్మాలంటున్నారు?
2. ఎవరికోసం రాశారు? ఎప్పుడు, ఏ సందర్భంలో రాశారు?
3. చదివాక మనం ఏం చేయాలని వారి కోరిక?
4. ఒప్పించడానికి ఏం చూపారు? కారణమా, ఉదాహరణా, మనసును కదిలించే మాటా?
5. ఏ మాటలను ఏరి వాడారు? ఏ సంగతి చెప్పకుండా వదిలేశారు?

మన జిల్లాలోనే పుట్టిన వాదం

ఈ ప్రశ్నలను ఒక నిజమైన వాదం మీద పెట్టి చూద్దాం. దూరం వెళ్లనక్కరలేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి వచ్చి రాజావారి బడిలో ఉపాధ్యాయులయ్యారు. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. అంటే ఆయన మన జిల్లా పంతులు గారే.

ఆనాటి తగవు ఏమిటంటే, స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? పాత కావ్యాల భాషలోనా, చదువుకున్నవారు వాడుకునే భాషలోనా? మొదటిదాన్ని గ్రాంథికం అన్నారు, రెండోదాన్ని వ్యావహారికం అన్నారు. గిడుగు వారు, గురజాడ అప్పారావు గారు వ్యావహారికం వైపు నిలిచారు. జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికం వైపు పెద్ద. 1913లో ఇరుపక్షాల నుంచి రెండు ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. గిడుగు వారిది 'ఎ మెమొరాండం ఆన్ మోడరన్ తెలుగు'. రామయ్య పంతులు గారిది 'ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు'. 1914లో గురజాడ వారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. అదీ ఇంగ్లీషులోనే.

ఇక మన ప్రశ్నలు వేద్దాం. తెలుగు భాష గురించిన తగవులో ఇరుపక్షాలూ ఇంగ్లీషులో ఎందుకు రాశాయి? ఇది రెండో ప్రశ్న. తీర్పు చెప్పవలసినవారు మద్రాసులో ప్రభుత్వంలోనూ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. వారిలో తెలుగు రానివారు కూడా ఉన్నారు. కాబట్టి ఆ రచనలు తెలుగు పాఠకుణ్ణి మురిపించడానికి రాసినవి కావు, అధికారులను ఒప్పించడానికి రాసినవి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ రచనల తీరు సగం అర్థమవుతుంది.

పేర్లు చూడండి. ఇది అయిదో ప్రశ్న. ఒకరు 'మెమొరాండం' అన్నారు. అది ఆఫీసు మాట. తగవుకు రాలేదు, విషయం నివేదిస్తున్నాను అన్నట్టు ఉంటుంది. మరొకరు 'డిఫెన్స్' అన్నారు. రక్షణ అనగానే ఎవరో దాడి చేశారన్న భావం చదివేవారికి ముందే కలుగుతుంది. ఒకరు తమ భాషను 'మోడరన్' అన్నారు, అంటే అవతలిది పాతబడింది. మరొకరు తమదాన్ని 'లిటరరీ' అన్నారు, అంటే అవతలిదానికి సాహిత్య గౌరవం లేదు. ఇంకా మొదటి పేజీ తిప్పనే లేదు, వాదం మొదలైపోయింది!

ఇప్పుడు మొదటి ప్రశ్న. గిడుగు వారు బడిలో చెప్పింది చరిత్ర పాఠం, తెలుగు పండితులు కారు. "వ్యాకరణం సంగతి మీకేం తెలుసు?" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట రాకుండా ఆయన ఏం చేశారు? పాత వచనాన్ని వెతికి పట్టి, వాడుక రూపాలు పూర్వుల రాతల్లోనూ ఉన్నాయని చూపించారు. 'గద్యచింతామణి' అలాంటి సంకలనం. నమ్మకం హోదా వల్ల రాకపోతే రుజువుల వల్ల రావాలని ఆయన పద్ధతి. మరో దారి కూడా పట్టారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలు తీసుకుని, వారి వ్యాకరణ సూత్రాల ప్రకారమే వాటిలో తప్పులు చూపించారు. పండితులకే పట్టుబడని భాషలో పదో తరగతి పిల్లవాడు ఎలా రాస్తాడు అన్నది ఆయన ఉద్దేశం. ఎదుటివారి తూకపురాళ్లతోనే ఎదుటివారి సరుకు తూయడం ఇది. వాదంలో ఇంత బలమైన ఎత్తు అరుదు.

ఆ కోవకు చెందిన ఒక రచనకు ఆయన పెట్టిన పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. భిషక్కు అంటే వైద్యుడు. భేషజం అంటే సంస్కృతంలో మందు. మరి మన ఇళ్లలో భేషజం అంటే ఏమిటి? లేని గొప్ప చూపించుకోవడం. పండితులు భాషకు వైద్యం చేస్తున్నామనుకుంటున్నారు, అది ఉత్త భేషజం అని ఒక్క మాటలోనే రెండు అర్థాలు పలికించారు. పైగా వాడుకలోని అర్థం తెలిస్తేనే ఆ చమత్కారం అందుతుంది. అంటే వాడుక భాషకు ఎంత శక్తి ఉందో పేరులోనే నిరూపించారు.

అవతలివారి మాట కూడా వినాలి

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గిడుగు వారంటే నాకు గౌరవం. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అంతమాత్రాన రామయ్య పంతులు గారి పక్షం వారు ఊరికే మొండికేశారని రాస్తే అది విశ్లేషణ కాదు, అభిమానం. వారి వైపు కారణాలున్నాయి. వాడుక భాష ఒక్కో సీమలో ఒక్కో తీరుగా ఉంటుంది, పరీక్షకు ఏది ప్రమాణం? పిల్లలు కావ్యభాష వదిలేస్తే రేపు భారత భాగవతాలు ఎవరు చదువుతారు? ఇవి తీసిపారేయదగ్గ ప్రశ్నలు కావు. బరంపురంలో మన పిల్లలు తెలుగు అక్షరాలకే దూరమవుతున్న ఈ రోజుల్లో రెండో ప్రశ్న మనకు బాగా తెలుస్తుంది. అప్పట్లో విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. గిడుగు వారి మాట నెగ్గడానికి దశాబ్దాలు పట్టింది.

అందుకే చెబుతున్నాను. విశ్లేషణ అంటే తీర్పు కాదు. "ఈయన చెప్పింది ఒప్పా తప్పా" అన్నది తరవాతి మాట. "ఈయన ఎలా ఒప్పిస్తున్నారు" అన్నది ముందు చూడాలి. మనకు నచ్చిన రచనను కూడా ఇదే పద్ధతిలో చూడగలిగినప్పుడే ఈ విద్య పట్టుబడినట్టు.

ఒక్క మాటకున్న బలం

మన ఊరికి సంబంధించిందే మరొకటి క్లుప్తంగా చెబుతాను. వి.వి.గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టినవారే. 1969 జూలై 19న పధ్నాలుగు బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా ఆయన సంతకం ఉంది. మా బ్యాంకు వాళ్లం ఆ తేదీ మరచిపోం. వెంటనే ఆయన పదవి వదిలి, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. అయినా ప్రధాని ఇందిరా గాంధీ తమ పార్టీవారిని అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. గిరి గారు గెలిచారు.

అంతరాత్మ అన్న మాట చూడండి. అందులో ఏ అభ్యర్థి పేరూ లేదు. ఎవరినీ తిట్టలేదు. కాని పార్టీ అభ్యర్థిని కాదని ఓటు వేయాలంటే సభ్యుడికి మనసులో బెరుకుంటుంది. ఆ పనికి ఒక గౌరవమైన పేరు దొరికింది. మనల్ని ఒక పని చేయించదలచినవారు దానికి మంచి పేరు ముందుగా తయారుచేసి ఉంచుతారు. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది మీరు ఆలోచించుకోండి. ముందు ఆ పేరును మాత్రం గమనించండి.

ఇంటికి వచ్చే కాగితం

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను. 2013 ప్రాంతంలో ఒడిశాలో, పశ్చిమ బెంగాల్‌లో డబ్బు పోగుచేసిన కంపెనీలు వరసగా కూలిపోయాయి. ఒడిశా ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. 2014 మే నెలలో సుప్రీంకోర్టు ఆ కేసులను సి.బి.ఐ.కి అప్పగించింది. అంతకు ఏడాది రెండేళ్ల ముందు నేను కౌంటరులో ఉండగా ఒక పెద్దావిడ, కాలేజీలో చదివే కొడుకుతో వచ్చారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీసేయాలన్నారు. కొడుకు చేతిలో ఒక కంపెనీ కరపత్రం ఉంది. అది ఒడియాలో ఉంది. అబ్బాయి తల్లికి ప్రతి వాక్యం తెలుగులో చెప్పాడు, ఒక్క తప్పు లేదు. అయిదేళ్లలో రెట్టింపు, అంతే.

"బాబూ, అందులో డబ్బు ఎలా రెట్టింపవుతుందో రాశారా?" అని అడిగాను. మళ్లీ చదివాడు. లేదు. ప్రతిజ్ఞ ఉంది, హేతువు లేదు. ఫలానా ఊళ్లో ఫలానావారికి వచ్చిందని ఉదాహరణ ఉంది. పెద్దవారితో దిగిన ఫొటో ఉంది, అది నమ్మకం కోసం. ఆడపిల్ల పెళ్లి బొమ్మ ఉంది, అది మనసు కోసం. "ఈ నెలాఖరు వరకే" అని ఉంది, అది ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా ఉండడానికి. లెక్క వేసి చూపించాను. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే, చక్రవడ్డీ మీద డబ్బు రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా వస్తాయి. అప్పటి బ్యాంకు వడ్డీ 9 శాతం దగ్గర ఉండేది. 72ను 9తో భాగిస్తే ఎనిమిదేళ్లు. అయిదేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా దాదాపు 15 శాతం రావాలి. ఆ పైది ఎక్కడి నుంచి తెస్తారు? కరపత్రం చెప్పలేదు. వారు సగం డబ్బు మాత్రమే తీశారు. ఆ సగం మళ్లీ వారికి రాలేదు.

ఇంకో మాట. జనం ఆ కంపెనీలను చిట్‌ఫండ్‌లనే పిలిచారు. మన తెలుగు ఇళ్లలో ఆడవారికి చీటీలంటే తెలుసు. నెలనెలా కట్టడం, పాట పాడుకోవడం, ఎదురుగా లెక్క చూసుకోవడం ఉంటాయి. ఆ కంపెనీలు తీసుకున్నవి ఎక్కువగా అలాంటి చీటీలు కావు, డిపాజిట్లు. తెలిసిన మాట ఒకటి తెలియని సరుకు మీద అంటించారు. నమ్మకం మాటతో పాటు వచ్చేసింది. ఆ అబ్బాయికి భాష రాకపోవడం వల్ల నష్టం జరగలేదు. మూడు భాషలూ వచ్చు. ప్రశ్న అడగడం ఎవరూ నేర్పలేదు.

అలవాటు చేసుకోవడం ఎలా?

విద్యార్థులకు. వారానికి ఒక్క రోజు, ఒక్క అరగంట చాలు. మీకు మూడు భాషలు రావడం పెద్ద ఆస్తి. ఒకే వార్తను ఒడియా పత్రికలో, ఇంగ్లీషు పత్రికలో, తెలుగు పత్రికలో చదవండి. శీర్షికలో ఏ మాట మారింది, ఎవరి మాట ముందు వేశారు, ఏ సంగతి ఒకదాంట్లో ఉండి మరోదాంట్లో లేదు, నోటు పుస్తకంలో రాసుకోండి. సంపాదకీయమైతే, రాసినవారు మనల్ని ఏం చేయమంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. దానికింద ఆధారాలు రాయండి. "రచయిత చక్కగా రాశారు" అని రాయవద్దు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. "ఫలానా మాట ఫలానా చోట వాడారు, దానివల్ల చదివేవారికి ఇలా అనిపిస్తుంది" అని రాయండి. పరీక్షలో మార్కులు వచ్చేదీ దానికే.

తల్లిదండ్రులకు. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ విద్య మీరు నేర్పగలరు. పిల్లలు ఏ కాగితమైనా చదివిపెట్టినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. "ఇది రాసినవాడికి మన వల్ల ఏం కావాలి?" "ఇందులో ఏం చెప్పలేదు?" కోచింగ్ సెంటరు ప్రకటనలో ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలుంటాయి. మొత్తం ఎంతమంది చేరారో ఉండదు. అది అడగమనండి. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే కసురుకోవద్దు. మీ మాటను కూడా వాళ్లు ఒక్కొక్కసారి పరీక్షిస్తారు. ఓపిక పట్టండి, ఆ ఓపికే వారికి చదువు.

మరో ఉపయోగం ఉంది. వచ్చే ఏడాది ఉపకార వేతనానికి మీరే అర్జీ రాసుకోవాలి. అప్పుడు ఇవే ప్రశ్నలు తిప్పి వేసుకోండి. చదివేది ఎవరు? వారికి ఏం తెలియాలి? నన్ను ఎందుకు నమ్మాలి? "మేము చాలా పేదవాళ్లం" అని నాలుగుసార్లు రాయడం కన్నా, నాన్నగారి నెల ఆదాయం ఎంత, కాలేజీ ఫీజు ఎంత, తక్కువ పడుతున్నది ఎంత అని మూడు అంకెలు వేస్తే కమిటీవారికి పని సులువవుతుంది. మీకు గౌరవంగానూ ఉంటుంది.

చివరగా ఒక మాట. ప్రతి కాగితాన్నీ అనుమానించమని నేను చెప్పడం లేదు. అనుమానం వేరు, పరిశీలన వేరు. బ్యాంకులో ప్రతి నోటూ వెలుతురుకు ఎత్తి చూస్తాం, ఇచ్చినవారు దొంగలని కాదు. మంచి నోటు ఆ వెలుతురులో ఇంకా బాగా కనబడుతుంది. మంచి రచన కూడా అంతే, ప్రశ్న వేస్తే దాని విలువ పెరుగుతుంది. ఈ రోజు నేను చెప్పిన మాటలకు కూడా ఆ అయిదు ప్రశ్నలూ వేసి చూడండి. ఎక్కడైనా హేతువు లేదనిపిస్తే, సభ ముగిశాక నన్ను అడగండి. జవాబు చెప్పడానికి ఇక్కడే ఉంటాను.